వాపసు వచ్చిన కత్తులు

కోర్టు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వంటింట్లో బీరకాయలకు చెక్కు తీస్తున్నాను. అవతల మాట్లాడిన కుర్రవాడి గొంతు మర్యాదగా ఉంది. మా నాయిన పేరు చెప్పి, ఆయన బిడ్డ మీరేనా అని అడిగాడు. అవునన్నాను. "పాత బిల్డింగు ఖాళీ చేస్తున్నం మేడం. ఎనకటి సామాన్లు సర్దుతుంటె మీ నాయిన పేరు మీద కత్తులు కనవడ్డయి. కేసు ఎప్పుడో కొట్టేసిన్రు. కరిగించేటోళ్ళమే గని, మా సారు చూసి గివి పాతకాలం ఫౌజు కత్తులు, ఇంటోళ్ళు ఎవలన్న ఉన్నరేమో అడుగుండ్రి అన్నడు. వచ్చి తీస్కపోతరా?" తీసుకుపోతానన్నాను. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన బీరకాయల చెక్కు కూడా తీశాను. కూర పొయ్యి మీద వేశాను. అవ్వకు అన్నం పెట్టాను. ఈ సంగతి ఆమెకు చెప్పాలని కంచాలు కడుగుతున్నప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చెప్పలేదు.

అవ్వ అంటే మా అమ్మ. మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. బాపు పోయి చాలా ఏళ్ళయింది. బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరై నేను జనగామలో ఉండిపోయాక అవ్వ నా దగ్గరికే వచ్చేసింది. ఆమె మోకాళ్ళు పని చేయవు గాని చెవులు మాత్రం నాకంటే బాగా పని చేస్తాయి.

ఆ వారంలోనే ఒక కారు మాట్లాడుకొని వెళ్ళాను. దారి పొడుగునా బొగ్గు లారీలు ఎదురొచ్చాయి. కోర్టులో ఆ కుర్రవాడే ఒక గోనెసంచిని రెండు చేతులతో మోసుకొచ్చి నా ముందు దించాడు. మూతి విప్పితే ఇనుము వాసన, చెదల వాసన కలిసి వచ్చాయి. కత్తులు ఒకదానికొకటి తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. తోలు ఒరలను చెదలు తినేసి లోపలి చెక్కను కూడా సగం పొడి చేశాయి. కుర్రవాడు చూపించిన చోట సంతకం చేశాను. ఏడుపు వస్తుందేమోనని చేతిసంచిలో రుమాలు పెట్టుకొని పోయాను గాని, దాన్ని బయటికి తీయవలసిన అవసరం రాలేదు. డ్రైవరు సంచిని డిక్కీలో పెడుతూ, "ఏంది మేడం, దేవుని కత్తులా?" అన్నాడు. "మా నాయినవి" అన్నాను. "ఏం, పోలీసుల ఉండెనా?" "కాదు. దవాఖానల కాంపౌండరు."

కాంపౌండరంటే ఏమిటో ఆ పిల్లవాడికి తెలియలేదు. చెప్పినా ఇప్పుడు అర్థం కాదు. మందులు కలిపి, మోతాదు తెలిసేలా సీసాలకు కాగితం గీతలు అంటించేవాడు, కట్లు కట్టేవాడు, సూదులు ఉడకబెట్టి వేసేవాడు, డాక్టరు రాని రోజుల్లో డాక్టరు కూడా తానే అయ్యేవాడు కాంపౌండరు. బాపు జనగామవాడే గాని సర్కారు ఉద్యోగం మొదలైంది మహబూబాబాద్‌లో. మేమంతా దాన్ని మానుకోట అనేవాళ్ళం. స్టేషన్‌కు దగ్గరలో రెండు గదుల ఇల్లు. రైలు వచ్చినప్పుడల్లా గూట్లో గ్లాసులు వణికేవి. బాపు దవాఖాన నుంచి రాగానే ఒంటి మీద స్పిరిటు వాసన, అయోడిన్ వాసన వచ్చేవి. చిన్నప్పుడు నాన్నలందరి దగ్గరా ఆ వాసనే వస్తుందనుకునేదాన్ని. పక్కింటి గఫార్ చాచా దగ్గర మాత్రం తోలు వాసన వచ్చేది. ఆయన చెప్పులు, గుర్రం జీనులు కుట్టేవాడు. ఊళ్ళో గుర్రాలు ఎన్నడో పోయాయి గాని, ఎడ్లకు మెడపట్టీలు కుట్టే పని మాత్రం ఆయనకు తప్పలేదు.

కత్తుల పిచ్చి ఒక గాయంతో మొదలైంది. ఒక రైతు కంప నరకబోయి తన పాదమే నరుక్కొని దవాఖానకు వచ్చాడు. బాపు కుట్లు వేసి, ఇంత తెగింది, ఏ గొడ్డలి అని అడిగాడు. గొడ్డలి కాదు, తాతలనాటి కత్తి అన్నాడతను. పిడికి పాత గుడ్డ చుట్టిన ఆ కత్తిని బండిలోనే తెచ్చుకున్నాడు. బాపు దాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూస్తుంటే, "గా దరిద్రం నాకద్దు సారూ, నువ్వే ఉంచుకో" అని వదిలేసి పోయాడు. బాపు దాన్ని సైకిలుకు కట్టుకొని ఇంటికి తెచ్చాడు. గఫార్ చాచా పిడి మీది గుడ్డ విప్పి, మురికి గీకి, "అరె కాంపౌండర్ సాబ్, గిది నిజాం ఫౌజుది. మా తాత నడుముకు గిసుంటిదే ఉండేదట" అన్నాడు. ఆయన తాత ఆ ఫౌజులో సిపాయి. తాత ముఖం ఆయనకు తెలియదు, కత్తి మాట ఒకటే ఇంట్లో మిగిలింది. ఆ సాయంత్రం ఇద్దరూ గడపలో కూర్చొని, టీ చల్లారిపోయేదాకా ఆ కత్తిని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటూనే ఉన్నారు.

అప్పటి నుంచి మా ఆదివారాలు మారిపోయాయి. తలస్నానాలయ్యాక బాపు వాకిట్లో అవ్వ పాత చీర పరిచి, దాని మీద కత్తులను వరసగా పెట్టేవాడు. తుప్పును కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి తుడిచేవాడు. పిడి మీద ఇత్తడి ఉంటే చింతపండు, ఇటుకపొడి. చివరికి పల్చగా కొబ్బరినూనె. లోపల అవ్వ మాంసం కూర వండుతుంటే మసాలా వాసన, బయట కిరసనాయిలు వాసన కలిసి, ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండూ ఒక్కసారి తగిలితే నాకది ఆదివారమే. అవ్వ ఆ గుడ్డలను మా బట్టలతో కలపనిచ్చేది కాదు. "దవాఖానల నెత్తురు సాలదని ఇంట్లకు గూడ తెచ్చుకున్నవా?" అని తిట్టేది. బాపు చేతులకు సున్నిపిండి రుద్దుకొని వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. తిట్టినా ముందు ఆయనకే వడ్డించేది.

అట్లా పోగైన కత్తుల్లో ఒకటి కొడవలిలా వంగినది, పిడికి అడుగున పళ్ళెంలాంటి బిళ్ళ ఉన్నది. ఒకటి ఇంగ్లీషు గుర్రపు ఫౌజుది, చేతికి అడ్డంగా ఒకే ఇనుప కమ్మి వంచి పెట్టినది. ఒకటి నిటారుగా, నా భుజం దాకా వచ్చేది. అన్నీ బాపు పుట్టకముందు వందేళ్ళ నాటివే. వంగిన కత్తి పిడి ఎంత చిన్నగా ఉండేదంటే, పదేళ్ళ నా చెయ్యి దానిలో సరిగ్గా ఇమిడేది, బాపు చెయ్యి ఇరుక్కునేది. "గిది ఎవలనన్న సంపిందా బాపు?" అని అడిగానొకసారి. "గది నాకెందుకు బిడ్డా" అన్నాడు. "పిడి సూడు. ఎవలో పట్టుకోంగ పట్టుకోంగ నున్నగైంది. ఆయన పేరు ఎవలకూ ఎరుక లేదు. చెయ్యి పెట్టిన జాగ మాత్రం ఉన్నది."

కొన్ని కత్తుల కోసం ఊళ్ళు తిరిగాము. పెద్దవంగర దిక్కు ఒక ముసలమ్మ కొట్టం తలుపుకు అడ్డగడియగా కత్తిని వాడుతోందని చాచాకు ఎవరో చెప్పారు. ముగ్గురం బస్సెక్కి పోయినాము. కత్తి నిజంగానే తలుపు మీద ఉంది, దాని వెనక బర్రెలు ఉన్నాయి. బాపు కొత్త ఇనుప గడియ, గొలుసు తీసుకుపోయి తానే సుత్తె పట్టుకొని బిగించాడు. ముసలమ్మ పక్కన నిలబడి చూసి, "గిది తీస్కపోయి ఏంజేస్తవ్ కొడుకా?" అంది. "ఏం లేదవ్వా, సూసుకుంట." "సూసుకుంటానికి కత్తెందుకు, అద్దం కొనుక్కోరాదు!" చాచా నవ్వలేక కొట్టం వెనక్కి పోయాడు. తిరుగు బస్సులో బాపు కత్తిని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకొని, మధ్య మధ్య తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను. బాపు నవ్వు అనగానే నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. తర్వాత నవ్వులేవీ జ్ఞాపకం లేవు.

నేను పదో తరగతికి వచ్చేసరికి బాపును రేగొండ దాటినాక, భూపాలపల్లి దిక్కు ఒక ఊరి దవాఖానకు బదిలీ చేశారు. కత్తులు పరుపుచుట్టలో కలిసి లారీ ఎక్కాయి. అక్కడ బొగ్గుబావులు అప్పుడే లేస్తున్నాయి. అవతల అంతా అడవి. అడవిలో తుపాకులు పట్టుకొని తిరిగేవాళ్ళను ఊళ్ళో అన్నలు అనేవారు. వాళ్ళ కోసం ఊరి మొగదల పోలీసులు మకాం పెట్టారు. పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు. గాయం ఎవరిదైనా కట్టు కట్టేది బాపే. ఎవరు వచ్చారో ఇంట్లో చెప్పేవాడు కాదు. మేమూ అడిగేవాళ్ళం కాదు. అడగకపోవడం మాకు కొద్ది రోజుల్లోనే అలవాటైపోయింది.

ఒక సాయంత్రం చేతికి గాయమైన ఒకతను, తోడుగా ఇంకొకతను మా ఇంటికే వచ్చారు. బాపు కట్టు కట్టాడు. అవ్వ మంచినీళ్ళు ఇచ్చి తలుపు చాటుకు వచ్చింది. పోతూ పోతూ రెండో అతను, "సారూ, మీ ఇంట్ల కత్తులున్నయట గద. అవుసరం పడ్తె అడుగుతం" అన్నాడు. బెదిరింపులా అనలేదు. పొరుగింట్లో నిచ్చెన అడిగినట్టే అన్నాడు. వాళ్ళు పోయాక అవ్వ తలుపు గడియ పెట్టి అక్కడే కూర్చుండిపోయింది.

"గవి బాయిల పారేయి" అంది.

"అంచులు లేనియి. ఎవలకు అక్కెరకొస్తయవి?"

"గది వాళ్ళకు ఎరుకనా? పోలీసులకు ఎరుకనా?"

"పండుగకు గఫార్ వస్తడు. మానుకోటకు పంపిస్త."

"పండుగ దాంక ఎవలు ఆగుతరు?"

ఆ మాట మీద బాపు లేచి బయటికి పోయాడు. తర్వాత రోజులన్నీ ఇంట్లో అదే మాట. గొంతులు పెద్దవి కాలేదు. అవ్వ అన్నం వడ్డిస్తూ అనేది, బాపు అన్నం కలుపుతూ వినేవాడు. ఆదివారాలు వాకిట్లో చీర పరవడం మానేశాడు. కత్తులు గోనెసంచిలో మంచం కిందికి పోయాయి. నేను ఆ మంచం మీదే పడుకునేదాన్ని.

పండుగ రాకముందే పోలీసులు వచ్చారు. పొద్దున్నే బాపు కిటికీకి అద్దం తగిలించుకొని గడ్డం గీసుకుంటున్నాడు. వచ్చినవాళ్ళు ఇల్లు వెతకలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయి సంచి బయటికి లాగారు. పెద్దాయన, "నడువు" అన్నాడు. బాపు సగం ముఖానికి ఇంకా సబ్బు ఉంది. అవ్వ అడ్డం పోయి, "కత్తులు తీస్కపోండ్రి సారూ, ఆయనెందుకు?" అంది. "అడిగేటియి ఉన్నయి" అన్నాడాయన. బాపు తువ్వాలతో సబ్బు తుడుచుకొని, చెప్పులేసుకొని, నా వైపు చూసి, "బడికి పో" అన్నాడు. జీపు పోయింది. నేను జడ వేసుకొని బడికి పోయాను. బాపు పొమ్మన్నాడు కనుక పోయాను. లెక్కల సారు బోర్డు మీద వేసిన లెక్క చేశాను, సరిగ్గానే వచ్చింది.

ఆయన్ను ఎక్కడికి తీసుకుపోయారో మాకు ఎవరూ చెప్పలేదు. అవ్వ పొద్దున బియ్యం కడిగేది, ముగ్గురికి వండేది, మిగిలింది పక్కింటి బర్రె కుడితిలో పోసేది. పోలీసు మకాంలోని ఒక కానిస్టేబుల్ భార్య రాధ, అవ్వతో స్నేహంగా ఉండేది, పిల్లవాడికి మందు కోసమనో, పచ్చిమిరపకాయల కోసమనో రోజూ మా ఇంటికి వచ్చేది. ఆమె రావడం మానేసింది. వీధిలో ఎదురైతే తల దించుకొని పోయింది. మాతో మాట్లాడితే వాళ్ళ ఆయనకు ఇబ్బంది అవుతుందేమో అనుకున్నాను. గఫార్ చాచాకు కబురు అంది వచ్చి, ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరిగాడు. దవాఖాన డాక్టరును వెంటబెట్టుకొని పోయాడు. "పరేషాన్ గాకు బిడ్డా, మీ బాపు వస్తడు" అని నాతో అనేవాడు గాని, నేను పరేషాన్‌గా లేను. నేనెట్లానూ లేను. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన కాలులా ఉండేది, గిచ్చుకున్నా ఎవరినో గిచ్చినట్టు.

బాపు ఒక మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చాడు. గడ్డం రెండు వైపులా సమానంగా పెరిగి ఉంది. మంచం మీద కూర్చొని, "నీళ్ళు కాగబెట్టు" అన్నాడు అవ్వతో. అవ్వ కాగబెట్టి, జాలాట్లో తానే స్నానం పోసింది. నేను గడపలో కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు వినిపించింది, మాటలు వినిపించలేదు. మర్నాడు బాపు దవాఖానకు పోయాడు. కుడిచేతి రెండు వేళ్ళు ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా ముడుచుకోలేదు. కట్టు కట్టేటప్పుడు గుడ్డ జారితే ఎడమచేత్తో అందుకునేవాడు. కత్తులు దాచాడని పెట్టిన కేసు నడిచినన్నాళ్ళు నెలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకొని కోర్టుకు పోయి వచ్చేవాడు. కొట్టేశారన్న రోజు కూడా ఇంటికి వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు, అంతే. కత్తులు అడగలేదు. కొన్నాళ్ళకు గఫార్ చాచా ఎక్కడో దొరికిన ఒక కత్తిని గుడ్డలో చుట్టుకొని వచ్చాడు. కొత్త ఒర తానే కుట్టాడు. బాపు గుడ్డ విప్పనే లేదు. "వద్దు గఫార్. తీస్కపో" అన్నాడు. చాచా టీ తాగి, దాన్ని చంకలో పెట్టుకొని పోయాడు. వాళ్ళిద్దరూ ఆ తర్వాత కూడా స్నేహంగానే ఉన్నారు, కాని ఏం మాట్లాడుకోవాలో వాళ్ళకు తెలిసేది కాదు. ధరల గురించి మాట్లాడుకునేవారు.

జనగామలో కారు దిగి గోనెసంచిని ముందు గదిలో పెట్టించగానే ఇనుము నేలకు తగిలి మోగింది. లోపలి మంచం మీద నుంచి అవ్వ, "ఏందే గా సప్పుడు?" అంది. ఇక దాచి లాభం లేదు.

"బాపు కత్తులే. కోర్టోళ్ళు వాపసిచ్చిన్రు."

అవ్వ చేతికర్ర పట్టుకొని, గోడ పట్టుకొని, తానే ముందు గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను సంచి మూతి విప్పాను. తుప్పును చూసింది. ముట్టుకోలేదు.

"రాధకు నేనే చెప్పిన" అంది.

ఏ రాధ అని అడగబోయి ఆగాను. "ఏమని చెప్పినవ్?"

"మా ఇంట్ల మంచం కింద కత్తులున్నయి, మీ ఆయనకు చెప్పి తీస్కపొమ్మను అన్న. అడివోళ్ళు అడిగేలోపట్నే పోతె పీడ పోతదనుకున్న. ఇనుము తీస్కపోతరు, మనిషిని ఇడిసిపెడ్తరు అనుకున్న. నాకేమెరుక?"

"బాపుకు తెల్సా?"

"వచ్చిన దినమే చెప్పిన. తానం పోసుకుంట చెప్పిన. ఈపు చూసినంక చెప్పకుంట ఎట్లుంట?"

"ఏమన్నడు?"

"మంచిపని చేసినవ్, అన్నడు."

"కోపంగ అన్నడా?"

"ఏం కోపం లేదు. మంచిపని చేసినవ్, ఇంకో చెంబు పొయ్యి, అన్నడు." అవ్వ కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "గా మాట నిజంగనే అన్నడో, నన్ను అనాలని అన్నడో అడుగుదామనుకుంటనే ఉన్న. గియ్యాల, రేపు అనుకుంటనే ఉన్న. ఆయన పోయిండు."

నేనేదైనా అనాలి. కూతురు అనవలసిన మాటలు ఎన్నో ఉంటాయి, బడిలో అందరి పిల్లలకూ చెప్పాను. సంచి మూతి మళ్ళీ కట్టాను. ఆ మధ్యాహ్నం తర్వాత వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో గడిపిన ఏళ్ళన్నీ తలుచుకున్నాను. బాపు ఆమె వండింది వంక పెట్టకుండా తిన్నాడు. ఆమెకు జ్వరమొస్తే పక్కనే కూర్చొని తడిగుడ్డ మార్చాడు. గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. ఇరుగుపొరుగు అంతా అట్లాంటి మొగుడు ఉండాలనేవారు. అది క్షమించడమో, ఇంకేదో, పక్క గదిలో పెరిగిన నాకు కూడా తెలియదు. ఇద్దరూ గొడవపడే ఇల్లు ఎట్లా ఉంటుందో, పెద్దవంగర బస్సు నాటి ఇల్లు ఎట్లా ఉండేదో మాత్రం గుర్తుంది. తిట్లున్న ఆ ఇంట్లోనే నవ్వూ ఉండేది. మా ఇంట్లో తర్వాత రెండూ లేవు.

ఇప్పుడు కాలం మారింది. అప్పటి అడవి చాలా మేరకు లేదు, అన్నలు లేరు, పోలీసు మకాం ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఇట్లాంటి కత్తులను వెతికి కొనుక్కొని, అద్దాల పెట్టెల్లో దీపం పెట్టి, వచ్చినవాళ్ళకు చూపించుకునే కుర్రవాళ్ళు పట్నంలో ఉన్నారట. మా కారు డ్రైవరు తన ఫోన్‌లో వాళ్ళ వీడియోలు చూపించాడు. ఒక పిల్లవాడు నవ్వుతూ వంగిన కత్తిని గాలిలో తిప్పుతున్నాడు. వాడిని ఎవరూ ఏమీ అడగరు. అట్లా ఉండడమే మంచిది. మా బాపు కూడా అంతే కోరుకున్నాడు, కాస్త ముందు పుట్టాడు. ఈ గోనెసంచి మా ముందు గదిలో ఉండగా వీధి తలుపు తీసే ఉన్నా నాకు భయం వేయలేదు. సంతోషమూ వేయలేదు. ఇంటికి ఎప్పుడో రావలసిన సామాను వచ్చింది, అంతే అనిపించింది.

అవ్వ కుర్చీలోంచి లేవడానికి చెయ్యి చాచింది. పట్టుకొని లేపాను. ఆమె చెయ్యి తేలికగా, చల్లగా ఉంది.

"మరి గివి ఏం చేద్దాం అవ్వా?" అన్నాను. "మ్యూజియానికిద్దామా? ఇంట్లనే ఉంచుదామా?"

ఆమె గోడ పట్టుకొని రెండడుగులు వేసి ఆగింది.

"నన్నడుగకు. గా కత్తుల సంగతి నేను ఒక్కపారి మాట్లాడిన. సాలు."